మూత తీసిన గొట్టం

ఓబులేశు రోజూ పొద్దున ప్రయోగశాలలోకి రాగానే చేసే మొదటి పని ఫోను తీయడం. "ఒకసారి చూద్దాం," అనుకుంటాడు. తన పరిశోధన వ్యాసాన్ని లోకంలో ఎందరు శాస్త్రజ్ఞులు తమ వ్యాసాల్లో ఉదహరించారో చెప్పే అంకె అందులో కనిపిస్తుంది. ఏడేళ్లకు ఆ అంకె పందొమ్మిదికి చేరి అక్కడే చతికిలబడింది. అందులోనూ పదకొండు, ఓబులేశు తనను తాను ఉదహరించుకున్నవే.

అతను పనిచేసేది ఇనుమూ గంధకమూ కలిసి ఉండే ఒక ప్రోటీన్ మీద. చూడటానికి డికాక్షన్ రంగులో ఉంటుంది. ఆ రంగు ఉన్నంతసేపే అది పనికొస్తుంది. బయటి గాలి తగిలిందా, లోపలి ఇనుము విడిపోయి, రంగు పోయి, వట్టి నీళ్లలా మిగులుతుంది. అందుకే దాన్ని గాలి చొరబడని గాజుపెట్టెలో ఉంచి, పెట్టెకు బిగించిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి పనిచేయాలి. సూక్ష్మజీవుల్ని పెంచడం మొదలుకొని, గొట్టం అడుగున నాలుగు చుక్కల ప్రోటీన్ మిగిలేదాకా పన్నెండు రోజుల చాకిరీ.

పోయిన నెల ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి ఓబులేశు కాగితాలు అటూ ఇటూ తిరగేసి, "ఈ పని ఎవరికి పట్టిందండీ?" అని అడిగాడు. ఓబులేశు ఇంటికెళ్లి, అన్నం సహించక, చొక్కా అయినా మార్చకుండా పడుకున్నాడు. అది మొదలు పని మీద చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. రోజూ రావడం, ఫోను చూడటం, కుర్చీలో కూలబడటం.

ఇవాళ ఒక ఉత్తరం రాసుకుని వచ్చాడు. ఈ ప్రోటీన్‌ను వదిలేస్తున్నాననీ, కాన్సర్ మందుల మీద పనిచేసే బృందంలో చేరతాననీ. గురువు సంతకం పెడితే సాయంత్రంలోగా ఆఫీసులో ఇచ్చేయవచ్చు. ఏడేళ్ల పని అక్కడితో సరి.

గురువు సుగుణాంబగారు. ఈ ప్రోటీన్‌ను అతని చేతిలో పెట్టింది ఆవిడే. రిటైరై ఆరేళ్లయింది, మోకాళ్లు అరిగిపోయాయి, అయినా ఈ పనికి గౌరవ సలహాదారుగా రోజూ వస్తారు. ఆవేళ కూడా గాజుపెట్టె ముందు స్టూలు మీద కూర్చుని, మోచేతుల దాకా తొడుగుల్లో చేతులు పెట్టి ఉన్నారు. ఓబులేశు ఉత్తరం అందించబోయాడు.

"చేతులు ఖాళీ లేవు నాయనా. నువ్వే చదువు."

చదివాడు. రెండే పేరాలు. 

"అలిసిపోయావా?"

"అలిసిపోయానమ్మా."

"నేనూ," అన్నారావిడ.

అప్పుడు చూశాడు ఓబులేశు. తొడుగుల మధ్య మూత బిగించిన చిన్న గొట్టం. అందులో చిక్కటి గోధుమరంగు. అంత చిక్కటి రంగు తన చేతిలో ఎన్నడూ రాలేదు.

"ఇదెవరు చేశారమ్మా?"

"నువ్వు ఈ నెలంతా దీని ముఖమే చూడలేదుగా. నేనే చేశాను. నిన్నటికి పూర్తయింది."

చలిగదిలో గంటలకొద్దీ నిలబడాలి దానికి. ఆ మోకాళ్లతో ఎలా నిలబడ్డారో తలుచుకుంటే ఓబులేశుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

సుగుణాంబగారు గొట్టాన్ని గాజుపెట్టె పక్క తలుపులోంచి బయటికి తీసి, కిటికీ వెలుగులో పట్టుకున్నారు.

"బాగా వచ్చింది కదూ?"

"బ్రహ్మాండంగా వచ్చిందమ్మా."

"లోపల ఇనుము ఉందంటావా?"

"ఎందుకుండదమ్మా? రంగు కనబడుతూనే ఉందిగా!"

"ఏమో. ఒకసారి చూద్దాం." బొటనవేలితో టక్కున మూత లేపారు.

"అమ్మా!"

ఓబులేశు ఒక్క అంగలో వచ్చి, గొట్టం లాక్కుని మూత నొక్కేశాడు. ఏం లాభం? గాలి అప్పటికే లోపలికి పోయింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. చిక్కదనం కాస్త తగ్గింది. ఇంకాస్త తగ్గింది. పసుపుగా మారింది. గోడ మీద గడియారం పావుగంట నడిచేసరికి ఆ పసుపు కూడా లేదు.

"పన్నెండు రోజులమ్మా," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నీ తెలిసి ఎందుకు తీశారు?"

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"మూసి ఉంటే మనసు ఆగలేదు నాయనా. పొద్దున్నే ఫోను తీయకపోతే నీకు ఆగనట్టే."

కళ్లజోడు పెట్టుకుని చెయ్యి చాపారు. "ఏదీ, ఇలా ఇవ్వు ఆ ఉత్తరం. సంతకం పెడతాను."

ఓబులేశు ఇవ్వలేదు. ఉత్తరాన్ని వెనక్కి తిప్పి బల్ల మీద పరిచాడు. దాని మీద 'మొదటి రోజు' అని రాసి, ఫ్లాస్కులు కడగడానికి వెళ్లాడు.