లెక్కకి ఒకటి ఎక్కువ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక సినిమా హాలు ఉండేది. హాలంటే మన ఊళ్ళో ఉండేలాంటిది కాదర్రా. కొండ కడుపులో ఒక చీకటి గుహ. పైన ఒక పక్కగా చిన్న కంత. మధ్యాహ్నం దాటి పొద్దు కాస్త వాలితే, ఆ కంతలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి ఎదురుగోడ మీద పడేది. ఆ వెలుగుకి అడ్డంగా ఆకులో, రెక్కలో, తోకలో ఆడిస్తే గోడ మీద నీడలు కదిలేవి. అదే వాళ్ళ సినిమా.

ఏటా వానలు మొదలయ్యే ముందు అక్కడ దెయ్యాల సినిమాల పోటీ జరిగేది. గెలిచినవాళ్ళు వానాకాలమంతా ఆ గుహలో ఉండొచ్చు. లోపలి మూల భలే వెచ్చగా ఉంటుంది, చుక్క తడి ఉండదు.

ఏ సినిమా గొప్పదో చెప్పేది ముళ్ళయ్య అనే ఏదుపంది. భయమేస్తే ఏదుపందికి ముళ్ళు లేస్తాయి కదా, అబద్ధం చెప్పడానికి వీల్లేదు. అందుకని అందరూ ఆయన్ని పెట్టుకున్నారు. సినిమా అవగానే కోతి ఆయన వెనక్కి వెళ్ళి చూసి, "లేచాయి" అనో "లేవలేదు" అనో కేకేసేది. తీర్పంటే అంతే. ఆ పనంటే ముళ్ళయ్యకి మహా గర్వం.

ఆ ఏడు మూడు సినిమాలు వచ్చాయి.

మొదటిది నక్కది. గోడ మీద పులి నీడ మెల్లగా నడుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి వెనక నుంచి ఎండిన సొరబుర్ర మీద ధన్‌మని ఒక్క దెబ్బ. ముళ్ళయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. పక్కన కూర్చున్న కుందేలుకి రెండు గుచ్చుకున్నాయి కూడా.

రెండోది తాబేలు తాతది. ఏటా అదే పాత సినిమా. ఒక చెట్టు నడుచుకుంటూ వచ్చి మనుషుల్ని మింగుతుంది. చెట్టు నీడ కింద తాత కాళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. అందరూ పడీపడీ నవ్వారు. మూడు ముంగిసలు మాత్రం మొదటి వరసలో కూర్చుని, తాతతో పాటు మాటలన్నీ పైకి చెప్పాయి. వాటికి కంఠతా వచ్చు. ఇందులో ఏముందర్రా అని ముళ్ళయ్య వెక్కిరించాడు.

"మాకు ఆ కాళ్ళే ఇష్టం బాబాయ్" అంది పెద్ద ముంగిస.

మూడోది బాతుది. చలికాలంలో మంచుకొండల అవతలి నుంచి గుంపుతో వచ్చింది. రెక్క దెబ్బతినడంతో గుంపు వెళ్ళిపోయినా ఇది ఉండిపోయింది. వానల్లో తడిస్తే ఆ రెక్క ఇక మానదు. గుహ దొరికితేనే మళ్ళీ ఎగిరేది, తనవాళ్ళని చూసేది.

దాని సినిమాలో చప్పుడే లేదు. ఒక తల్లి బాతు గడ్డకట్టిన చెరువు ఒడ్డున సాయంత్రం పూట పిల్లల్ని లెక్కపెడుతుంది. దానికి ఉన్నవి నాలుగు. లెక్కకి ఐదు వస్తాయి. మళ్ళీ లెక్కపెడుతుంది. ఐదే. ఏది తనది కాదో తెలియదు. ఐదూ ఒకేలా ఉన్నాయి, ఐదూ వణుకుతున్నాయి. తల్లి కాసేపు అలా చూసి, ఐదింటినీ రెక్క కిందికి తీసుకుంటుంది. మంచు కరిగిన రోజు లెక్కపెడితే నాలుగే. తల్లి చెరువు వైపు తిరిగి నిలబడిపోతుంది. అంతే, అయిపోయింది.

గుహలో ఎవరూ కదల్లేదు. కోతి కూడా ఆలస్యంగా లేచి చూసి, "లేవలేదు" అంది మెల్లగా.

ముళ్ళయ్యకి ఆ ఐదో పిల్ల కళ్ళముందు నుంచి పోలేదు. ఆ మాటే చెబుదామనుకున్నాడు. ఇంతలో నక్క, "ఏం బావా, కునుకు పట్టిందా? పరాయి దేశం సరుకు, మనకెక్కడ అర్థమవుతుంది" అంది. అందరూ నవ్వారు. ముళ్ళయ్య కూడా నవ్వేశాడు. ముళ్ళు లేవలేదు కాబట్టి గుహ నక్కదేనన్నాడు.

బాతు తల వంచి, రెక్క ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

పోటీ అయిన మొదటి రోజు సాయంత్రం ముళ్ళయ్య భార్య ఆయన్ని ఎగాదిగా చూసి, "ఉన్నది ఇద్దరు పిల్లలు. ఇందాకటి నుంచి ఎన్నిసార్లు లెక్కపెడతావయ్యా?" అంది.

రెండో రోజు ఆయన వాగు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పిల్లలు సొరబుర్ర కొడుతూ నక్క సినిమా ఆడుకుంటున్నారు. ఒక్కరికీ భయం లేదు, ఒకటే నవ్వులు. కాస్త దూరంలో లేడి తన పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్కపెడుతోంది.

మూడో రోజు కోతి కనిపించింది. దానికి ఒక్కటే పిల్ల, అదీ పొట్టకి కరుచుకునే ఉంది. అయినా కోతి లెక్కపెడుతోంది.

అప్పుడే మొదటి వాన పడింది. ముళ్ళయ్య వానలోనే పరిగెత్తాడు. వెదురు పొద కింద బాతు ముడుచుకుని కూర్చుని ఉంది.

"చెల్లీ, నా ముళ్ళు లేవలేదు, అది నిజం" అన్నాడు ముళ్ళయ్య. "కానీ మూడు రోజులుగా పిల్లల్ని లెక్కపెడుతూనే ఉన్నాను. నీ సినిమా నాతోనే ఇంటికొచ్చింది. ఆ రోజే ఆ ఐదో పిల్ల నా కళ్ళముందు నుంచి పోలేదు. నవ్వుతారని చెప్పలేదు."

"లెక్కకి ఎంతమంది వచ్చారన్నా?" అని అడిగింది బాతు.

"ఇద్దరే. మొదట్లో ఎక్కువ వస్తారేమోనని భయమేసేది. ఇప్పుడు, ఎక్కువ రాలేదే అనిపిస్తోంది."

బాతు లేచి ఆయన వెంట గుహ వైపు నడిచింది.

గుహ వాకిట రాతి చూరు కింద అందరూ వానకి తలదాచుకుంటున్నారు. ముళ్ళయ్య తన తప్పు దాచకుండా చెప్పేశాడు. "తీర్పు మారిస్తే ఇక నీ ముళ్ళకి విలువేముంది?" అంది నక్క.

"ముళ్ళు ఉలిక్కిపాటు వరకే చెబుతాయి బావా. మిగతాది నేను నోరు తెరిచి చెప్పాలి. నీకిచ్చిన గుహ నీదే. లోపలి మూల మాత్రం ఈమెకి ఇవ్వు."

నక్క చాలాసేపు తోక సర్దుకుంది. "నేనూ లెక్కపెట్టానులే" అని గొణిగి, పక్కకి జరిగింది.

బాతు రెక్క మానింది. మరుసటి ఏడు నుంచి పోటీ అయిన మూడో రోజున తీర్పు చెప్పడం మొదలుపెట్టారు. ముళ్ళయ్య వెళ్ళి ముంగిసల పక్కన కూర్చుని, తాత కాళ్ళ కోసం ఎదురుచూసేవాడు.

బాతు గుహలో ఉన్న ఆ వానాకాలమంతా మాత్రం అడవిలో ప్రతి తల్లీ సాయంత్రం అన్నం పెట్టేటప్పుడు, ఎవరూ చెప్పకుండానే, ఒక ముద్ద ఎక్కువ పెట్టి పక్కన ఉంచేది.

నీతి: ఉలిక్కిపాటు అక్కడికక్కడే పోతుంది, మంచి కథ మనతో ఇంటిదాకా వస్తుంది. అది ఏ దేశానిదైనా సరే, నలుగురూ నవ్వినా సరే, మన మనసుకి అనిపించింది అప్పుడే చెప్పాలి.