తడి ఇసకమీద మూడు గీతలు

ఒడ్డున ఉల్లంకి పిట్టను చూశారా పిల్లలూ? అల వెనక్కి పోగానే దాని వెంట పరుగెడుతుంది. అల తిరిగి రాగానే ఒడ్డుకు పారిపోతుంది. ఎందుకో చెప్పండి చూద్దాం. పురుగుల కోసమా? అది సగం జవాబే. ఈ చింతపండు గింజలు తీస్తూ చెబుతాను, మిగతా సగం వినండి.

ఒకప్పుడు ఉల్లంకికి నీళ్లకేసి వెళ్లాలంటేనే భయం. గవ్వలపేట అనే రేవులో, కొర్లమ్మ ఇంటి చూరుకింద ఉండేది. నింపాదిగా నడిచేది.

"కాలు తడిస్తే కరిగిపోతావేమే?" అని ఆటపట్టిస్తూనే కొర్లమ్మ దానికి చేపముక్క పడేసేది.

ఆ రేవులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు పడవమీద ఊరు దాటినా, వెళ్లే దిక్కు చూపిస్తూ ఒడ్డున మూడు గీతలు గీసేవారు, కోడి అడుగులాగా. వెనక వచ్చేవాళ్లకు తెలియాలి కదా! అల తుడిచేస్తే, ఊళ్లో ఉన్నవాళ్లు మళ్లీ గీసేవారు.

ఒక ఏడు పెద్ద తుపాను వచ్చింది. ఇళ్లు కూలాయి. బావుల్లో ఉప్పునీరు చేరింది. ఊరంతా పడవలెక్కి దక్షిణానికి పోయింది. కొర్లమ్మ కొడుకు దానయ్య అప్పటికింకా వేటనుంచి రాలేదు. అతనికోసం ఆమె మూడు గీతలు గీసి పడవెక్కింది.

అందరూ వెళ్లిపోతే వాటిని మళ్లీ గీసేదెవరు? ఆ మాట ఒక్కరికీ తట్టలేదు.

దక్షిణాన కొర్లమ్మ మూడు నెలలు ఎదురుచూసింది. దానయ్య రాలేదు. మరిది ఎర్రయ్యను బతిమాలి పడవమీద పాత ఊరికి వచ్చింది.

కుక్క కూడా మొరగలేదు. గుమ్మాల్లో ఇసక మోకాలెత్తు పేరుకుంది. ఆమె పొయ్యిలో మాత్రం కొత్త బూడిద ఉంది.

"ఎవరే పిట్టా, ఇక్కడ వండుకున్నది?"

"దానయ్యేనమ్మా," అంది ఉల్లంకి. "ఇల్లిల్లూ తిరిగి నిన్ను పిలిచాడు. గీతలకోసం ఒడ్డంతా వెతికాడు. నేను దక్షిణమని ఎంత అరిచినా, నా మాట నీకు తెలిసినట్టు అతనికి తెలియలేదు. మళ్లీ వచ్చి చూస్తానని నిన్ననే ఉత్తరానికి పోయాడు."

నిన్ననే! కొర్లమ్మ ఒడ్డుకు పరుగెత్తి మూడు గీతలు గీసింది. అల తుడిచేసింది. మళ్లీ గీసింది. మళ్లీ తుడిచేసింది.

"సముద్రమా, ఈ ఒక్కటీ ఉంచవే!"

"నాకు చదవడం రాదమ్మా. తుడవడమే వచ్చు," అంది సముద్రం.

"వదినా, గాలి మళ్లుతోంది. రా!" అని ఎర్రయ్య కేకేశాడు.

"నేనిక్కడే ఉండిపోతా."

"ఏం తాగుతావు, ఉప్పునీళ్లా? వాడొచ్చేసరికి నీ ఎముకలు చూపించమంటావా?"

ఉల్లంకి చూరు దిగింది. తన కాలికేసి చూసుకుంది. దానికీ మూడే వేళ్లు.

"నువ్వెళ్లమ్మా. నేను గీస్తాలే," అంటూ వణుకుతూ తడి ఇసకలో మొదటి అడుగు వేసింది.

అప్పటినుంచే ఉల్లంకి, అల తగ్గగానే పరుగున వెళ్లి మూడు గీతలు గీస్తుంది. అల రాగానే పారిపోతుంది, భయం పోలేదుగా మరి!

దానయ్య వచ్చాడా అంటారా? వచ్చుంటే ఆ పిట్ట ఆగిపోయేది కదర్రా.

సరే, గింజ తీయని చింతపండు చేటలో ఇంకా సగం ఉంది. వెళ్లి ఆ పని కానిస్తాను.