నక్క వాటా బెల్లం

చెరకు తోటల మధ్య బెల్లం వండే పాక ఒకటుంది. ఆ ఏటి వంట ముగించుకుని మనుషులు వెళ్లిపోతూ, ఈనబోయే ఎర్రావు కోసం ఒక బెల్లం దిమ్మను కుండలో పెట్టి వెళ్లారు. బాలింత ఆవుకి బెల్లం పెట్టకపోతే ఒంట్లో సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ దిమ్మకి కాపలా నక్క. కాపలాకి కూలి సగం దిమ్మ. నక్కని కాపలా పెట్టిన తెలివి ఎవరిదో నన్నడక్కండి.

మర్నాడే ఎర్రావు ఈనింది. అదే పొద్దున గాలివాన కొట్టి, పాక కప్పు కారి, కుండ నిండిపోయింది. ఆవు తొంగి చూస్తే దిమ్మ లేదు, ఎర్రటి నీళ్లున్నాయి.

"అయ్యో, నా బెల్లం! ఇక నా దూడకి పాలెలా వస్తాయి?" అంటూ ఆవు కూలబడింది.

"ఇంకెక్కడి బెల్లం పిన్నీ, నీళ్లు తినేశాయి," అంది నక్క మూతి దించుకుని. "ఈ మురికినీళ్లు నేను పారబోసొస్తాలే."

పదేళ్లు గానుగ తిప్పిన బోడెద్దు మెల్లగా లేచొచ్చింది. "పారబోసే ముందు నాలుక ముంచి చూడు అల్లుడూ."

నక్క ముంచలేదు. ఎద్దే ముంచింది. "తియ్యగానే ఉంది. బెల్లం ఎక్కడికీ పోలేదు చెల్లీ, నీళ్లలో కరిగిందంతే. నీళ్లు మరిగిపోతే మళ్లీ వస్తుంది. ఏటా చూస్తున్నాగా!"

"అయితే నా సగం నీళ్లు నాకు పంచెయ్యండి, వేరే పొయ్యి మీద నేనే వండుకుంటా," అంది నక్క వెంటనే.

రెండు కుండలు పొయ్యి ఎక్కాయి. బూడిద కింద పాత నిప్పు ఇంకా ఆరలేదు. ఎద్దు సన్నసెగ పెట్టి, గరిటె నోట కరచుకుని ఓపిగ్గా ఆవు వాటా కలుపుతూ కూర్చుంది. నక్కకి అంత ఓపికేదీ? తన కుండ కింద చెరకుపిప్పి కుక్కేసి కునుకు తీసింది. ఘాటైన పొగ ముక్కుకి తగిలి లేచేసరికి కుండలో నల్లటి పెళ్లలు మిగిలాయి. పక్క కుండలో మాత్రం బంగారు రంగు బెల్లం గట్టిపడుతోంది.

"మార్చుకుందాం పిన్నీ! నాది కాస్త నల్లబడింది, అంతే. బాలింతకి ఇదే మంచిది. మారింది మళ్లీ వస్తుందని మామే అన్నాడుగా!"

ఆవు నీరసంగా తలూపింది. దూడ ఆకలి తప్ప మరేదీ తలకెక్కని తల్లిని అలా అడగడానికి నోరెలా వచ్చిందో! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మాట ఎద్దుదే మరి. అందుకే అది రెండు దొన్నెల్లో నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క వేసింది.

"అన్నాను అల్లుడూ. అయితే అది కరిగినదాని సంగతి. నీది మాడింది. నీళ్లు పోశాం, వెనక్కి రప్పించు. తియ్యదనం వస్తే మార్చుకో."

ఆవు ముక్క కరిగింది, నీళ్లు తియ్యనయ్యాయి. నక్క ముక్క నల్లగా అలాగే ఉంది. నక్క నాకి చూసి మొహం చిట్లించింది.

"చేదు!"

"చూశావా?" అంది ఎద్దు. "మా బెల్లం రూపం మార్చుకున్నా బెల్లంగానే ఉంది. నీది అసలు బెల్లమే కాకుండా పోయింది. నీ కూలి నీ కుండలోనే ఉంది, తీసుకెళ్లు."

ఎర్రావు బెల్లం తింటుంటే దూడ పొదుగు వెతుక్కుంది. నక్క మాత్రం పాక వెనక కూర్చుని, మసిలో నీళ్లు పోస్తూ, నాకి చూస్తూ, మళ్లీ పోస్తూ ఉంది.

నీతి: రూపం మారినదాన్ని ఓపికుంటే తిరిగి తెచ్చుకోవచ్చు, గుణమే మారిపోయినదాన్ని ఎంత ఏడ్చినా తెచ్చుకోలేం.