ఆషాఢంలో వేసిన తాళం

కరీముల్లాకు ముద్ద దిగడం లేదు. నగరం నడిబొడ్డున పాత నవాబు జనం కోసం వేయించిన తోటకు అతనే కాపలా. ఇక్కడ చెట్టు కొట్టరాదు, గోడ కట్టరాదు అని నవాబు శాసనం. కానీ ఇప్పటి దివానుగారికి అందులో విడిదిమేడ కట్టాలని మనసైంది. జనం అడుగుపెట్టని తోటకు శాసనమెందుకు అన్నాడట. తెల్లారితే కొలతగాళ్లు వస్తారు.

తోట పక్క దర్గాలో ఉండే తన గురువు, ఫకీరు బుర్హాన్ షా దగ్గరికి పరుగెత్తాడు.

"బాబా, ప్రాణం పోయినా వాళ్లను లోపలికి రానివ్వను."

"మంచిది. ఈ ఏడు ఎవరిని రానిచ్చావు?"

"ఎవరినీ రానివ్వలేదు!" కరీముల్లా ఛాతీ పొంగింది. "ఆషాఢం వస్తే చాలు, ఆడవాళ్లు గోరింటాకు కోసం ఎగబడి కంచెంతా దూసేస్తారు. ఈ ఏడు తాళం వేశాను. ఒక్క రెమ్మ పోలేదు. వచ్చి చూడండి."

గురువు వెళ్లి చూశాడు. గోరింట కంచె ఏపుగా ఉంది. దర్వాజా బయట ఆడవాళ్లు ఖాళీ బుట్టలతో నిలబడి ఉన్నారు.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని, నవాబు ఇస్తే వీడడ్డం!" అంది ఒక ముసలమ్మ. "మేడ కడితే కట్టనీండే, తోటేమన్నా మనదా?"

గురువు శిష్యుడి ముందు చెయ్యి చాపాడు.

"తాళంచెవి."

తలుపు తీసి, మొదటి రెమ్మ తనే విరిచి ముసలమ్మ బుట్టలో వేశాడు. "దూసుకోండమ్మా."

పొద్దు గూకేసరికి కంచె బోడిగా మిగిలింది. దొంగచేతికి తాళాలిచ్చినట్టయిందని కరీముల్లా కుమిలిపోయాడు.

తెల్లారి కొలతగాళ్లు వచ్చారు. కరీముల్లా కర్ర పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. భటులు అతన్ని అవతలికి ఈడ్చేసి, కొలతతాడు నేలమీద పరిచారు.

ఎవరిదో చెయ్యి తాడు కొసను ఒడిసి పట్టుకుంది. ముసలమ్మే. ఆమె వెనక వీధివీధి ఆడవాళ్లు, బుర్ఖాల వాళ్లూ బొట్ల వాళ్లూ కలిసి వచ్చారు.

"తప్పుకోండి. ఈ తోట మీదా?" గద్దించాడు కొలతగాళ్ల అధికారి.

ముసలమ్మ ఎర్రగా పండిన అరచేయి అతని మొహం ముందు పెట్టింది.

"మాదే. కనబడ్డంలా?"

ఆమె వెనక చేతులన్నీ లేచాయి. అధికారి ఆ ఎర్రటి చేతులన్నీ చూసి, తాడు చుట్టించుకుని వెళ్లిపోయాడు.

కరీముల్లా దుమ్ము దులుపుకుంటూ, దర్గా గుమ్మంలో నిలబడ్డ గురువు వైపు చూశాడు.

"కంచె ఇప్పుడు వేశాం, బేటా," అన్నాడు గురువు.