పక్క కుర్చీ పరీక్ష

భానోజీ మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళు హాయిగా జవాబు వినేసి ఇంటికి పోవడమన్నది నేనెన్నడూ చూడలేదు. ఆయన ఏదో ఒక పని చేయిస్తారు. కొత్త టీచర్లకి కంప్యూటర్ పాఠం ఎలా చెప్పాలో నేర్పుతూ జుట్టు నెరిసిన మనిషే గాని, ఉపన్యాసాలు మాత్రం ఆయన ఒంటికి పడవు. నేనూ ఆయన దగ్గర శిక్షణ పొందినవాణ్ణే. అందుకే ఆ రోజు హైమవతి నోరు తెరిచి అడగ్గానే, అయింది మన పని అనుకున్నాను.

హైమవతి ఆయన శిష్యుల్లో అందరికంటే చిన్నది. నికార్సయిన మనిషి. ఒక్క మార్కు ఎక్కువ వేసినా తక్కువ వేసినా రాత్రి నిద్రపోని రకం. పార్వతీపురం దాటాక కొండల కింద ఉండే మా హైస్కూలుకి, తొమ్మిదో తరగతి పిల్లల కంప్యూటర్ ప్రాక్టికల్ పరీక్ష చేయడానికి వచ్చింది. మొదటిసారి కదా అని మాస్టారు కూడా తోడు వచ్చారు. ఆ స్కూల్లో లెక్కలు చెప్పేది నేను, ల్యాబ్ తాళాలు ఉండేదీ నా దగ్గరే, కనుక గోడ వారన నేనూ నిలబడ్డాను. పిల్లలకి ఇచ్చిన పని చిన్నదే. ఆటల గదిలోంచి ఎవరు ఏ వస్తువు పట్టుకెళ్ళారో కంప్యూటర్లో దాచాలి, అడిగినప్పుడు తెరమీద చూపించాలి. దాచడానికి పట్టిక, చూపించడానికి ప్రోగ్రాము. ఇందులో పాసైన వాళ్ళనే వచ్చే ఏడు కంప్యూటర్ బ్యాచ్‌లో చేర్చుకుంటారు. తప్పిన వాళ్ళకి మళ్ళీ ఆ ల్యాబ్ గుమ్మం తొక్కే యోగం లేదు.

మండంగి తిరుపతి అందరికంటే ముందు ముగించి దర్జాగా వెనక్కి వాలి కూర్చున్నాడు. వాడి తెర చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నీలం మీద పసుపు అక్షరాలు, పిల్లవాడి పేరు కొడితే చాలు, వాడు తీసుకున్న వస్తువేదో టక్కున చెప్పేస్తోంది. వాడి పక్కనే బిడ్డిక రోజా. ఆ పిల్ల తెరమీద ఒక ఎర్ర గీత, దాని కింద ఇంగ్లీషులో ఏదో తప్పుందని ఒక ముక్క, అంతే. ఈలోగా టైమైపోయింది. ఆదివారాలు కూడా హాస్టల్ నుంచి నడిచొచ్చి, సార్ తాళాలిస్తారా అని నా ప్రాణం తోడేసే పిల్ల అది. ఆ బ్యాచ్ మీద ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ ఎర్ర గీతనే చూస్తూ కూర్చుంది. నా ప్రాణం ఉసూరుమంది.

హైమవతికి పైనుంచి ఇచ్చిన లెక్క ప్రకారం పట్టికకి కొన్ని మార్కులు, ప్రోగ్రాముకి కొన్ని, తెరమీద వచ్చిన ఫలితానికి అన్నిటికంటే ఎక్కువ. రోజాకి ఫలితం దగ్గర సున్నా వెయ్యక తప్పదు, సున్నా వేస్తే పిల్ల తప్పినట్టే. పెన్ను కాగితం దాకా తీసుకెళ్ళింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. చివరికి మాస్టారి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“మాస్టారూ, తెర చూస్తే రోజాకి ఏమీ రానట్టే ఉంది. మొహం చూస్తే వచ్చినట్టుంది. మొహానికి మార్కులు వెయ్యలేను కదా. అసలు పిల్లకి వచ్చో రాదో తెలుసుకోవడం ఎలాగండీ?”

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. నేరుగా గది మధ్యకి వెళ్ళి, పిల్లల్ని లేవమని, ఎవరి పక్కవాళ్ళతో వాళ్ళు కుర్చీలు మార్చుకోమన్నారు. తర్వాత తాపీగా ఇంకో మాట చెప్పారు. ఇప్పటిదాకా ఒక్కొక్కరికి ఒక్క వస్తువే ఇస్తున్నారు గదా, డ్రిల్లు మాస్టారు మనసు మార్చుకుని రెండేసి ఇస్తానన్నాడనుకోండి. మీ ముందున్న ప్రోగ్రాము ఆ మార్పుకి తట్టుకుంటుందో లేదో చూడండి, తట్టుకోకపోతే సరిచెయ్యండి, రాసినవాళ్ళని మాత్రం అడగకూడదు, చదివి తెలుసుకోవాలి. ఇదీ ఆయన పెట్టిన షరతు.

గది గదంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. తిరుపతి తన రంగుల తెరని వదల్లేక వదల్లేక లేచాడు. ఇది సిలబస్‌లో లేదు, పిల్లలు బెదిరిపోతారు అని హైమవతి నా చెవిలో గొణిగింది. ఆగమ్మా చూద్దాం అన్నాను గాని, నిజం చెప్పొద్దూ, నాకూ అదే భయం.

రోజా ముందున్నది ఇప్పుడు తిరుపతి ప్రోగ్రాము. అందులో పట్టికకి, గడులకి పెట్టిన పేర్లన్నీ ఎ, బి, సి. గైడులో ఎలా ఉంటే అలా దింపేశాడన్నమాట. ఏది దేనికో తెలియక ఆ పిల్ల ఒక్కొక్క వరస మీదా వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, చాలాసేపు చదివింది. తర్వాత సింహాద్రి అనే పిల్లవాడికి అప్పటికే ఉన్న బంతితోపాటు ఒక బ్యాట్ కూడా ఇచ్చి, సింహాద్రి దగ్గర ఏముందని యంత్రాన్ని అడిగింది. బ్యాట్ అంది యంత్రం. బంతి ఊసే లేదు. రోజా కుర్చీ ముందుకి లాక్కుంది. ఇంకో పేరుతో చేసి చూసింది, మళ్ళీ అదే తంతు. ఆ పిల్ల మొహంలోకి వెలుగొచ్చేసింది. తిరుపతి పట్టికలో ఒక్కో పిల్లవాడికి ఒకే గడి ఉంది. రెండో వస్తువు రాగానే అది మొదటిదాన్ని చెరిపేసి కూర్చుంటోంది.

అవతల తిరుపతి, రోజా రాసింది చూసి మొదట మూతి విరిచాడు. ఒకటి చాలే చోట రెండు పట్టికలెందుకని వాడి అనుమానం. కానీ చదువుతున్నకొద్దీ వాడి దర్జా తగ్గి శ్రద్ధ పెరిగింది. ఆ పిల్ల ఇంగ్లీషు అక్షరాలతోనే అయినా పట్టికలకి తెలుగు పేర్లు పెట్టుకుంది. ఒకటి ‘పిల్లలు’, రెండోది ‘తీసుకున్నవి’. మొదటిదాంట్లో రోల్ నంబరు, పేరు. రెండోదాంట్లో రోల్ నంబరు, వస్తువు. ఎవరేది తీసుకున్నా అక్కడ కొత్త వరస చేరుతుంది, పాతది పాతచోటే ఉంటుంది. మాస్టారు అడిగిన మార్పు అందులో అడగకముందే ఉంది. రెండు పట్టికల్నీ కలిపే ఒక్క వాక్యం దగ్గరే రోజా బండి ఆగిపోయింది. తిరుపతి ఆ ఎర్ర గీత కింది ఇంగ్లీషు ముక్కని కూడబలుక్కుని చదివాడు. రోల్ నంబరు రెండు చోట్లా ఉందిగా, ఏ పట్టికలోది తియ్యమంటావని యంత్రం అడుగుతోంది. వాడు నంబరు ముందు పట్టిక పేరు చేర్చి, అందులోనూ బంతి ఉన్న సింహాద్రికి ఒక బ్యాట్ కూడా రాసి, మీట నొక్కాడు.

సింహాద్రి, బంతి. సింహాద్రి, బ్యాట్. రెండు వరసలూ తెరమీద వచ్చి నిలబడ్డాయి.

“వచ్చేసింది, రోజా, నీది వచ్చేసింది!” అని తిరుపతి కుర్చీలోంచి లేచిపోయాడు.

“నీదాంట్లో బంతి పోయిందిరా. ఒక్క గడే పెట్టావు, చూసుకో,” అంది రోజా, అంతే సంబరంగా.

ఇంకేముంది, గది చేతులు దాటిపోయింది. ఎవరిది ఎవరు పాడుచేశారో, ఎవరిది ఎవరు బాగుచేశారో, అందరూ ఒకేసారి చెబుతున్నారు. తన బంతి పోయినందుకు తిరుపతిలో చిన్నతనమేమీ కనబడలేదు. ఆ రెండో పట్టిక ఎలా కట్టావో చూపించమని రోజా చెయ్యి పట్టుకు లాగి తన యంత్రం ముందు కూర్చోబెట్టాడు, రంగులన్నీ పోయినా ఫరవాలేదు మొత్తం విప్పేద్దామంటున్నాడు. అన్నం గంట కొట్టారు. ఆ రోజు గుడ్డు పెట్టే రోజు, మామూలుగా అయితే గంట మోగకముందే గుమ్మం దగ్గర తోపులాట ఉండాలి. ఒక్కరూ లేవలేదు. నేను కూడా గోడ వదిలేసి పిల్లల భుజాల మీంచి తొంగిచూస్తున్నాను. ఎన్నాళ్ళకి చూశానండీ అంత ఆనందం ఒక పరీక్ష గదిలో!

హైమవతి గోల ఆపించబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆమె కాసేపు నిలబడి చూసింది గాని, మనసు కుదుటపడలేదు. కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. రోజా పేరు ఎదురుగా ఫలితం గడి ఇంకా ఖాళీగానే ఉంది.

“ఇప్పుడు చిక్కు ఇంకా పెరిగింది మాస్టారూ. ఆ తెరమీద ఫలితం తెప్పించింది తిరుపతి, రోజా కాదు. ఆ పిల్లకి వచ్చని నేనేం చూసి రాయను?”

మాస్టారు ఆ ఇద్దరి వైపు చూశారు. ఒకే కీబోర్డు మీద నాలుగు చేతులు పెట్టి, నువ్వు జరుగంటే నువ్వు జరగమని పోట్లాడుకుంటున్నారు.

“ఫలితం వచ్చేదాకా వాళ్ళిద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు కదమ్మా,” అన్నారు. “రోజాకి రాకపోతే, ఆ రెండో పట్టిక సంగతి తిరుపతికి ఎలా తెలిసింది?”