గోడ మీది గూడబాతులు

ఉరుసు ఇంకా మూడు రోజులుంది. దర్గా గోడ మీద ఈ ఏడు పదకొండే పక్షి బొమ్మలు. సుభానీకి తల కొట్టేసినట్టుంది.

ముప్పై ఏళ్ల కిందట కరీముల్లా బాబా పెట్టిన పద్ధతి అది. చలికాలంలో సరస్సుకి వలస వచ్చే పక్షుల్ని ఊరంతా కనిపెట్టి చూసేది. చూసినవాళ్లు వచ్చి, జాజుతోనో సున్నంతోనో ఆ పక్షిని గోడ మీద గీసేవాళ్లు. ఏ జాతి ఎప్పుడు దిగిందో, ఎప్పుడు పోయిందో గోడ చూసి ఎవరైనా చెప్పొచ్చు. నియమం ఒక్కటే: చూసినవాళ్లే గీయాలి.

గోడ బాధ్యత శిష్యుడు సుభానీది. బొమ్మలు గీయడంలో చెయ్యి తిరిగినవాడు. రెండు రోజుల్లో రెండు వందల గూడబాతుల్ని బారులు తీర్చి గీసేశాడు.

"ఇన్ని బాతులు మా గుడిసెల మీంచి పోకుండా ఎట్టా దిగినయ్యి సుభానీ?" అంది చేపలమ్మే పోలమ్మ. "లారీలో దింపుకున్నావా?"

"గోడ నిండుగా ఉంటే నీకేం నొప్పి అక్కా?"

బాబా గోడను చూశాడు. లోపలికి వెళ్లిపోయాడు.

ఉరుసు నాడు ఒక అధికారి వచ్చాడు. నిరుడు సరస్సులో పావు వంతు రొయ్యల చెరువులకిచ్చారు. దానివల్ల పక్షులు తగ్గాయేమో చూసి రమ్మన్నారట.

"ఈ గోడ అబద్ధమాడదని అందరూ అంటారు," అని ఫొటో తీసుకున్నాడు. "తగ్గడం కాదు, పెరిగాయే! ఇక మిగతాదీ తవ్వుకోవచ్చు."

సుభానీ నోరు తెరిచాడు. చుట్టూ అంతమందిని చూసి మళ్లీ మూసుకున్నాడు.

నెల తిరక్కుండా పొక్లెయిన్లు దిగాయి. ఆ పొద్దున సుభానీ సున్నం బకెట్టు పట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు.

"చెరిపేస్తాను బాబా."

"ఎందుకు? నువ్వు పిలిస్తే వచ్చినవి. ఆకలితో ఉంటాయి." బాబా చేపల బుట్ట ఒకటి అతని ముందు పెట్టాడు. "మేత వెయ్యి."

బుట్ట తెచ్చిన పోలమ్మ అక్కడే నిలబడి ఉంది. "బాగా పెట్టు," అంది. "సరస్సులో దొరికిన ఆఖరి బుట్ట."

సుభానీ చేపల్ని గోడ కింద పరిచాడు. ఎదురుగా కూర్చున్నాడు. ఎండెక్కింది. చేపలు వాసన కొట్టాయి. గోడ మీది బాతులు బారు తప్పలేదు.

మధ్యాహ్నానికి కాకులు దిగాయి.

అవి తినిపోయేదాకా చూసి, బాబా బొగ్గు ముక్క ఒకటి తెచ్చి సుభానీ చేతిలో పెట్టాడు.

"చూశావుగా," అన్నాడు. "గీయి."