తువ్వాలు కాసిన కోర్టు

అనగనగా ఒక అడవిలో, వాగు అవతల, అందరూ ఆడుకునే మట్టి టెన్నిస్ కోర్టు ఒకటి ఉండేది. దానికి కట్టుబాటు ఒక్కటే. ఎవరి కాళ్లు కోర్టులో ఉంటే కోర్టు వాళ్లది. తొలకరి పడితే మాత్రం అది బురదగుంటే. మళ్లీ దసరా దాకా ఆట ఊసెత్తే పనిలేదు.

ఆ అడవిలో కోదండం అనే కొండముచ్చు వేసవి మొదట్లోనే టేకుకర్రతో బ్యాటు చెక్కించుకుంది. రోజూ నూనె రాసి తుడుచుకునేది. బంతి మాత్రం దానికి ఒక్కసారీ తగల్లేదు. ఎప్పుడు, ఎలా ఆడాలో ఇంకా తేలలేదు మరి!

ఒకరోజు కొండ వెనక నల్లమబ్బు లేచింది. కోదండం తలెత్తి చూసింది. "ఈపూట ఆడకపోతే ఇక ఈ వేసవికి ఆట లేనట్టే" అనుకుంది. పరుగున వెళ్లి, మనం బస్సులో సీటుకు వేస్తామే, అలా నెట్ మీద తువ్వాలు వేసింది. ఎలుగుబంటినీ, అడవిపందినీ, కొంగనూ కోర్టు పక్కనున్న మద్దిచెట్టు కిందకు పిలిచింది.

"కోర్టు మనదే! ముందు జతలు తేల్చుకుందాం" అంది.

"పందితో నేనాడను. కోర్టంతా అదే నిండిపోతుంది" అంది కొంగ.

"ఒంటికాలి మీద నిలబడేదానివి, నువ్వేం ఆడతావే?" అంది పంది.

ఆ తగువు తీరేలోపు రెండు ఉడతలు కొబ్బరిమట్ట బ్యాట్లతో వచ్చాయి. "మామా, మీరు దిగుతారా, మమ్మల్ని దిగమంటారా?" అని అడిగాయి.

"తువ్వాలు కనబడటం లేదూ?" అని కసిరింది కోదండం.

తర్వాత ఎలుగుబంటి గొంతు సవరించుకుంది. "ఆటయ్యాక టిఫినేంటి బావా?" తేనె అని ఒకరు, దుంపలని ఒకరు. అరుపులు వాగు దాటాయి.

"మామా, మబ్బు కమ్ముతోంది" అన్నాయి ఉడతలు.

"పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో దూరకండి!" అంది కోదండం.

ఇక గెలిచినవాళ్ల మెడలో దండ ఎవరు వెయ్యాలన్న చర్చ మొదలైంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఈసారి ఉడతలు అడగలేదు. కోర్టులోకి దిగి టక్ టక్ మని ఆడసాగాయి.

కోదండం ఎగిరిపడింది. "ఏయ్! తువ్వాలు వేశాను కదా!"

"కట్టుబాటు కాళ్లకే మామా, తువ్వాళ్లకు లేదు."

"రండి, రండి, దిగుదాం!" అని కోదండం మిత్రులను బతిమాలింది.

"టిఫిను తేలలేదుగా" అంది ఎలుగుబంటి, కూర్చున్నచోటు నుంచి కదలకుండానే.

అంతలో వాన దంచికొట్టింది. కోర్టు బురదైపోయింది. ఆడి అలిసిన ఉడతలు నవ్వుకుంటూ తువ్వాలు పిండి తెచ్చిచ్చాయి. "మీ జట్టులో కోర్టులోకి దిగింది ఇదొక్కటే మామా. పాపం, చివరిదాకా నిలబడింది" అన్నాయి.

కోదండం బ్యాటు వైపు చూసుకుంది. ఒక్క గీతైనా లేదు. దానికి సిగ్గూ, ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"పోనీలే బావా, దసరాకి ఆడదాం" అంది ఎలుగుబంటి. "ఎలా ఆడాలో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకుందామా?"

నీతి: తువ్వాలు వేసి చోటు ఆపగలం కానీ, వానను ఆపలేం. ఆడాలనుకున్నవాడు ముందు కాలు కదపాలి.